ఇంటి డాబాపై సూర్యవిద్యుత్తు: ఎంత పెట్టవలెను, ఎంత తిరిగి వచ్చును

ఇంటి డాబాపై సౌరఫలకములు పెట్టించుకొనిన యెడల ఇక కరెంటు బిల్లే యుండదని చెప్పుచు, వర్తకుల మనుష్యులు ఇప్పుడు గ్రామములలో తిరుగుచున్నారు. ప్రభుత్వమువారి సాయము గలదనియు, బ్యాంకివారు అప్పిచ్చెదరనియు, సంతకము చేసిన చాలుననియు వారు చెప్పుదురు. ఈ మాటలలో అబద్ధము లేదు. కాని ఎన్ని కిలోవాట్లు పెట్టవలెనను ప్రశ్నకు వారిచ్చు జవాబు తఱచుగా డాబా వైశాల్యమును బట్టియో, ప్రభుత్వ సాయమునకు గల మేరను బట్టియో యుండును గాని, ఆ యింటి వాడుకను బట్టి యుండదు. "మూడు కిలోవాట్లు పెట్టుమనుచున్నారు, పెట్టవచ్చునా?" అని మన సంఘ సభ్యులు పలువురు మమ్మడుగుచున్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు చెప్పవలసి యున్నది గనుక, ఆ లెక్క వేయు విధమునే ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము. పలకయు బలపమును దగ్గఱ నుంచుకొని చదివిన మేలు.

మొదట కిలోవాటు, యూనిటు అను రెండు మాటలకు గల భేదము తెలిసికొనవలెను. ఎద్దుల జత యెంత బలమైనదన్నది ఒక సంగతి. ఆ దినమున అది యెంత చేను దున్నినదన్నది వేఱొక సంగతి. కిలోవాటు బలము వంటిది, యూనిటు దున్నిన చేను వంటిది. వేయి వాట్ల బలముతో ఒక గంటసేపు పని జరిగిన అది ఒక యూనిటు. మన బిల్లు యూనిట్లలో వచ్చును. వర్తకుడు ఫలకములను కిలోవాట్లలో అమ్మును. ఈ రెంటికి నడుమ వంతెన యొక్కటియే: మన ప్రాంతములో ఒక కిలోవాటు ఫలకములు సంవత్సరపు సగటున దినమునకు 4 యూనిట్లు ఇచ్చును. అనగా నెలకు 120, సంవత్సరమునకు 1,440 యూనిట్లు. మబ్బు పట్టిన శ్రావణ మాసపు దినములలో రెండు యూనిట్లకే దిగవచ్చును. ఆకాశము నిర్మలముగా నున్న ఫాల్గుణ చైత్రములలో అయిదు రావచ్చును. అయిదు, ఆఱు యూనిట్లు నిత్యమును వచ్చునని చెప్పువారి మాటపై లెక్క కట్టరాదు.

ఇందొక విశేషము గలదు. ఎండ ముదిరిన కొలది కరెంటు పెరుగునని తోచును గాని, ఫలకము వేడెక్కిన కొలది దాని సత్తువ తగ్గును. ఫలకపు వేడిమి 25 డిగ్రీలకు మించిన తరువాత ప్రతి డిగ్రీకిని నూటికి సుమారు 0.35 వంతు తగ్గుదల యుండును. రోహిణీ కార్తెలో ఫలకము 65 డిగ్రీలకు కాగినచో నూటికి 14 వంతులు పోయినట్లే. ఫలకములను డాబాకు అంటించినట్లు పెట్టక, క్రింద గాలి యాడునట్లు ఎత్తుగా నిలుపుమనుటకు కారణము ఇదియే.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మొదటి సిలికాను ఫలకము తయారైనపుడు, దానిపై బడిన వెలుతురులో నూటికి ఆఱు వంతులు మాత్రమే కరెంటుగా మాఱెను. ఇప్పటి ఫలకములు నూటికి ఇరువదికి పైగా మార్చుచున్నవి. అందుచేతనే ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముక్కాలు అడుగుల వెడల్పు గల ఒక్క ఫలకము 540 వాట్లు ఇయ్యగలుగుచున్నది. రెండు కిలోవాట్లకు ఇట్టివి నాలుగు చాలును. ఫలకములు మాత్రము 112 చదరపుటడుగులు ఆక్రమించును. నడుమ నడచుటకును, కడుగుటకును చోటు వదలిన 200 చదరపుటడుగులు కావలెను. కనుక చోటు మన యిండ్లలో తఱచుగా ఆటంకము కాదు. ఆటంకము కానందుననే అవసరమునకు మించి పెట్టించుట జరుగుచున్నది.

ఇక మీ యింటి వాడుక. ఒక నెల బిల్లు చూచి లెక్క కట్టరాదు. వైశాఖ మాసపు బిల్లు చూచిన ఎక్కువగాను, పుష్య మాసపు బిల్లు చూచిన తక్కువగాను తోచును. గత పండ్రెండు నెలల బిల్లులను తీసి, రూపాయలను వదలి యూనిట్లను మాత్రము వ్రాసి, కూడి, పండ్రెండుచే భాగింపుడు. కాగితములు దొఱకనిచో మీ సర్వీసు నంబరు చెప్పి విద్యుత్ కార్యాలయమున అడిగినను తెలియును. ఇంటి మీటరును మాత్రమే లెక్కలోనికి తీసికొనవలెను. పొలములోని మోటారు సంగతి వేఱు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు 2004 నుండి అమలైనది. అట్టి మోటారు కొఱకు డాబాపై సొంత సొమ్ము పెట్టుట వృథా.

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. కరెంటు ధర ధాన్యపు ధర వలె ఒక్కటిగా నుండదు. మెట్లు మెట్లుగా నుండును. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలివారు 2022-23 సంవత్సరమునకు నిర్ణయించిన పట్టీని ఉదాహరణముగా తీసికొందము. నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిటు 1.90 రూపాయలు, 31 మొదలు 75 వఱకు 3.00, 76 మొదలు 125 వఱకు 4.50, 126 మొదలు 225 వఱకు 6.00, 226 మొదలు 400 వఱకు 8.75, అంతకు మించిన 9.75. స్థిరపు రుసుము, సర్దుబాటు చార్జీలు, సుంకము వేఱుగా నుండును. మీ బిల్లులో ధరలు మాఱియుండినచో వాని స్థానమున క్రొత్తవి వేసికొనుడు. లెక్క వేయు మార్గము మాఱదు.

మెట్లలో క్రిందివి చౌక, పైవి ప్రియము. డాబాపై పుట్టిన కరెంటు బిల్లులో మొదట తగ్గించునది పైమెట్టు యూనిట్లనే. అనగా మొదటి కిలోవాటు మీకు మిక్కిలి ప్రియమైన యూనిట్లను తప్పించును. రెండవది అంతకంటె చౌకవానిని తప్పించును. మూడవది ఒక్కొకప్పుడు తప్పించుటకు ఏమియు మిగులకుండ వచ్చును. వర్తకుడు మూడు కిలోవాట్లకు మూడు రెట్లు లాభమని చెప్పిన, ఆ మాట నిలువని చోటు ఇదియే.

అంకెలలో చూతము. ఒక యింటిలో నెలకు సగటున 250 యూనిట్లు ఖర్చగుచున్న వనుకొందము. రెండు గదులలో ఫ్యానులు, ఫ్రిజ్జు, టీవీ, నీటి మోటారు, వేసవిలో కూలరు గల యిల్లు. పై పట్టీ ప్రకారము మొదటి మెట్టునకు 57, రెండవదానికి 135, మూడవదానికి 225, నాలుగవదానికి 600, మిగిలిన 25 యూనిట్లకు 218.75, మొత్తము 1,235.75 రూపాయలు. ఇది యూనిట్ల ఖరీదు మాత్రమే. ఫలకముల ధర ఊరూరికిని, వర్తకునికి వర్తకునికిని మాఱును గనుక, లెక్క కొఱకు ఒక కిలోవాటుకు 70,000, రెండింటికి 1,30,000, మూడింటికి 1,85,000 అనుకొందము. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద కేంద్ర ప్రభుత్వపు సాయము మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000, మూడవదానికి 18,000. ఎన్ని కిలోవాట్లు పెట్టినను 78,000కు మించదు. సాయము పోగా మన చేతినుండి పడునది ఒక కిలోవాటుకు 40,000, రెంటికి 70,000, మూడింటికి 1,07,000.

ఒక కిలోవాటు పెట్టిన యెడల నెలకు 120 యూనిట్లు పుట్టి, వీధి తీగ నుండి కొనునవి 130కి దిగును. వాని ఖరీదు 447 రూపాయలు. నెలకు 788.75, సంవత్సరమునకు 9,465 మిగులును. పెట్టిన 40,000 నాలుగేండ్ల మూడు నెలలలో తిరిగి వచ్చును. అప్పు వడ్డీలతో పోల్చి చూచినను ఇది మంచి బేరము.

రెండవ కిలోవాటును దానికదియే విడదీసి చూడవలెను; రెంటిని కలిపి చూచిన మోసపోవుదుము. రెండవదానితో 240 యూనిట్లు పుట్టి, కొనునవి 10 యూనిట్లకు దిగును. ఖరీదు 19 రూపాయలు. మొదటి కిలోవాటుకంటె అదనముగా మిగులునది నెలకు 428, సంవత్సరమునకు 5,136. అదనముగా పెట్టినది 30,000. అది తిరిగి వచ్చుటకు అయిదేండ్ల పదినెలలు పట్టును. ఇదియు చెడ్డది కాదు. సొమ్ము చేతనున్నవారు పెట్టవచ్చును.

మూడవదాని సంగతి చూడుడు. పుట్టునవి 360, ఇంటికి కావలసినవి 250. మిగిలిన 110 యూనిట్లు వీధి తీగలోనికి పోవును. అదనముగా తగ్గు బిల్లు నెలకు 19 రూపాయలే. పోయిన యూనిట్లకు విద్యుత్ సంస్థవారు ఇచ్చు ధర మనము కొను ధరకు చాల తక్కువగా నుండును. యూనిటుకు రెండు రూపాయలు చొప్పున వేసి చూచినను సంవత్సరమునకు 2,640. దీనికి బిల్లులో తగ్గిన 228 కలిపిన 2,868. పెట్టినది 37,000. తిరిగి వచ్చుటకు దాదాపు పదుమూడేండ్లు. ఇన్వర్టరు అను యంత్రము సాధారణముగా పది, పండ్రెండేండ్లకు మార్చవలసి వచ్చును. అనగా మూడవ కిలోవాటు తన ఖరీదు తెచ్చులోపలనే క్రొత్త ఖర్చు తెచ్చును. ఈ యింటివారు మూడు కిలోవాట్లు పెట్టుట కంటె ఆ 37,000 రూపాయలను పాడిగేదెపై పెట్టుకొనుట మేలని మా అభిప్రాయము.

అయితే అదే యింటిలో వచ్చు సంవత్సరము కుమారుని పెండ్లి చేసి, పై అంతస్తు కట్టి, ఏసీ పెట్టదలచినచో వాడుక 350 యూనిట్లకు పోవును. అపుడు మూడవ కిలోవాటుకు పని దొఱకును. అట్టివారు ఇప్పుడు రెండే పెట్టించి, ఇన్వర్టరును, ఇనుప చట్రమును మాత్రము మూడింటికి చాలునట్లు కొనవచ్చును. కాని తరువాత పెట్టు కిలోవాటుకు ప్రభుత్వ సాయము దొఱకునో లేదో ముందుగనే వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను. ఈ పథకము 2026-27 వఱకు అమలు జరుపుటకు నిర్ణయింపబడినది.

ఇక చిన్న సంసారము. నెలకు 90 యూనిట్లు వాడు ఇంటికి పై పట్టీ ప్రకారము ఖరీదు 259.50 మాత్రమే. ఇట్టి యింటిపై ఒక కిలోవాటు పెట్టిన బిల్లు పూర్తిగా పోయి, నెలకు 30 యూనిట్లు మిగులును. రెండు కలిపి సంవత్సరమునకు 3,834 రూపాయల లాభము. పెట్టిన 40,000ను నూటికి ఏడు వడ్డీకి అప్పు తెచ్చినచో మొదటి సంవత్సరపు వడ్డీయే 2,800. మిగులు వేయి రూపాయల కొఱకు నలువది వేల అప్పు తలకెత్తుకొనుట యెందులకు? "బిల్లు సున్న" అను మాట విని సంతకము చేయువారిలో ఇట్టివారే యెక్కువగా చిక్కుకొనుదురని మా భయము. బిల్లు సున్న యగును. బ్యాంకి వాయిదా మాత్రము సున్న కాదు. ఉచిత యూనిట్ల వలన ఇప్పటికే బిల్లు లేనివారు, అనగా ఆంధ్రప్రదేశ్‌లో 200 యూనిట్ల ఉచితము పొందు షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములవారును, తెలంగాణలో 2024లో ఆరంభమైన గృహజ్యోతి క్రింద నున్నవారును, సొంత సొమ్ము పెట్టుటకు ముందు ఒకటికి రెండుసారులు విచారింపవలెను. లేని బిల్లును ఏ ఫలకమును తగ్గింపజాలదు.

ఫలకములు పెట్టుటకు ముందు చేయదగిన పని వేఱొకటి గలదు. దీనిని వర్తకులు చెప్పరు, ఏలయన అమ్మకము తగ్గును. పాత ఫ్యాను ఒక్కొక్కటి 75 వాట్లు త్రాగును. బీఎల్‌డీసీ యను క్రొత్తరకపు ఫ్యానులు 30 వాట్లతో తిరుగును. మూడు ఫ్యానులు దినమునకు 14 గంటలు తిరుగు ఇంటిలో, వానిని మార్చినచో దినమునకు 1.89 యూనిట్లు, నెలకు దాదాపు 57 యూనిట్లు మిగులును. ఇది అర కిలోవాటు ఫలకములు ఇచ్చు కరెంటుతో సమానము. ఫ్యాను 3,000 చొప్పున మూడింటికి 9,000 అనుకొందము. మన 250 యూనిట్ల ఇంటిలో ఈ మార్పు వలన నెలకు 410 రూపాయలు తగ్గును; ఫ్యానులు సంవత్సరములో ఎనిమిది నెలలే తిరిగినవనుకొన్నను మూడేండ్లలోపల ఖరీదు తిరిగి వచ్చును. దీనికి దరఖాస్తు లేదు, తనిఖీ లేదు, డాబా యెక్కుట అంతకంటె లేదు. ఫ్యానులు మార్చిన తరువాత ఆ వాడుకను బట్టి ఫలకముల కొలత నిర్ణయించుకొనుడు.

తెలంగాణలోని మన బంధుమిత్రులకు ఈ పొదుపు మఱింత లాభకరము. అచ్చటి పట్టీలో నెల వాడుక 200 దాటిన, పై యూనిట్లకే గాక మొదటినుండి ధర మాఱును. 2022-23 నాటి ధరల ప్రకారము 100 మొదలు 200 లోపు వాడువారికి మొదటి నూఱు యూనిట్లు 3.40, రెండవ నూఱు 4.80, 200 దాటినచో మొదటి రెండు వందలును 5.10 చొప్పున, ఆపైని 300 వఱకు 7.70 చొప్పున. 210 యూనిట్లు వాడినవారికి 1,097 రూపాయలు. 195 వాడినవారికి 796. పదునైదు యూనిట్లకు 301 రూపాయల భేదము! గట్టుమీద నున్న యింటివారికి రెండు ఫ్యానుల మార్పే చాలును.

సొమ్ము చేతులు మాఱు వరుస తెలిసికొనుట అవసరము. సాయపు సొమ్ము ముందుగా రాదు. దరఖాస్తు చేసి, ఫలకములు బిగించి, రెండువైపుల తిరుగు నెట్ మీటరు పెట్టి, విద్యుత్ సంస్థవారు తనిఖీ చేసిన తరువాత అది మీ బ్యాంకి ఖాతాలో పడును. అంతవఱకు రెండు కిలోవాట్ల మొత్తము ఖరీదు 1,30,000 ఎవరో ఒకరు భరింపవలెను. సాయము పోగా నిలుచు 70,000కు నూటికి ఏడు వడ్డీపై అయిదేండ్ల వాయిదా పెట్టిన నెలకు 1,386 రూపాయలు, ఏడేండ్లయిన 1,056. మన యుదాహరణమునందు రెండు కిలోవాట్ల వలన తగ్గునది నెలకు 1,217. అయిదేండ్ల వాయిదా ఆ యింటిని బాధించును, ఏడేండ్లది బాధింపదు. సాయము పొందుటకు ఫలకములు మన దేశములో తయారైన కణములతో మన దేశముననే చేసినవై యుండవలెను. పైదేశపు చౌక ఫలకములను చూపి తక్కువ ధర చెప్పువాని వద్ద కొన్నచో సాయము పోవును. 2025 సెప్టెంబరు 22 నుండి ఈ పరికరములపై జీయస్‌టీ 12 నుండి 5 శాతమునకు తగ్గినది గనుక, అంతకు పూర్వపు ధరల పట్టీలను చూపినచో అంగీకరింపరాదు.

ఇక మన గ్రామములలో అందఱిని ఆశ్చర్యపఱచు విషయము. వీధిలో కరెంటు పోయినపుడు, పట్టపగలు ఎండ కాయుచున్నను, ఈ ఫలకముల కరెంటు కూడ ఆగిపోవును. ఇది లోపము కాదు; కావలెననియే అట్లు చేసినారు. లైను ఆపి స్తంభమెక్కి పనిచేయు మనిషికి మన యింటినుండి కరెంటు పోయిన ప్రాణము పోవును. అందుచేత వీధి తీగలో కరెంటు లేదని తెలిసిన క్షణముననే ఇన్వర్టరు నిలిచిపోవును. కోతల బాధ తీరునని ఫలకములు కొన్నవారు తరువాత చింతించుచున్నారు.

కోతల కొఱకు బాటరీ కావలెను, దాని లెక్క వేఱు. 12 వోల్టుల 150 ఆంపియర్ గంటల సీసపు బాటరీలో నిండినపుడు 1.8 యూనిట్లుండును, ఎక్కువకాలము మన్నవలెనన్న అందు సగమే, అనగా 0.9 యూనిటు వాడుకొనవలెను. రాత్రి ఆఱు గంటలు రెండు క్రొత్తరకపు ఫ్యానులు, నాలుగు గంటలు నాలుగు 9 వాట్ల దీపములు వాడిన అర యూనిటు ఖర్చగును. ఈ బాటరీ సులభముగా చాలును. పాత ఫ్యానులైనచో ఫ్యానులకే 0.9 యూనిటు పోయి దీపములకు మిగులదు. సీసపు బాటరీ నాలుగైదేండ్లు వచ్చును. లిథియం బాటరీ ఖరీదెక్కువ గాని పదేండ్ల వఱకు మన్నును. ప్రభుత్వ సాయము ఫలకముల కిలోవాట్లను బట్టియే గాని బాటరీకి వేఱుగా లేదు. అపుడపుడు గంట, రెండు గంటలు కరెంటు పోవు ఊరిలో ఇప్పటికే ఇంటనున్న చిన్న ఇన్వర్టరు బాటరీయే చాలును. దానికొఱకు డాబామీది ఏర్పాటునంతటిని పెద్దది చేయుట తగదు.

స్థలమును గూర్చి రెండు మాటలు. ఫలకములు దక్షిణ ముఖముగా, కొద్దిగా వాలుగా నుండవలెను. ఉదయము తొమ్మిది మొదలు సాయంకాలము నాలుగు వఱకు నీడ పడరాదు. ఫలకములు వరుసగా ఒకదానితో నొకటి గొలుసువలె కలుపబడి యుండును గనుక, ఒక్క కొబ్బరిమట్ట నీడ ఒక ఫలకముపై బడినను వరుస అంతయు కుంటుపడవచ్చును. పుష్యమాసములో సూర్యుడు దక్షిణమునకు వంగినపుడు పొరుగువారి వేపచెట్టు నీడ ఎచ్చటికి వచ్చునో చూచుకొనుడు. వేసవిలో చూచి బిగించినవారు ఆ సంగతి మఱతురు. కళ్ళము దగ్గఱ నున్న యిండ్లలో నూర్పుల కాలమున ఊకదుమ్ము పొరగా పేరుకొనును. సూర్యోదయ సమయమున చల్లని ఫలకమును మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడువవలెను. మధ్యాహ్నము కాగిన ఫలకముపై నీరు పోయరాదు. పెంకుటింటివారు పైకప్పుపై బిగింపక, పెరటిలో గట్టి స్తంభములపై నిలుపుకొనవచ్చును.

తీరప్రాంతమువారికి గాలివాన ముఖ్యము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్టణముపైనను, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళపు ఉద్దానముపైనను విరుచుకుపడినపుడు ఏమి మిగిలినదో చూచినవారు మనలో నున్నారు. ఒక్కొక్క ఫలకము పాతిక కిలోలకు పైబడిన బరువున్నను, గాలి క్రిందనుండి పట్టిన అది తెరచాప యగును. చట్రపు కాళ్ళను శ్లాబులో ఎట్లు బిగించెదరో, ఎంత గాలి వేగమునకు తగినట్లు కట్టెదరో ఒప్పందములో అంకెతో వ్రాయించుకొనుడు. ఫలకములకు 25 ఏండ్ల హామీ యున్నదని గొప్పగా చెప్పుదురు. అది కరెంటు తగ్గుదలకు సంబంధించిన హామీ, గాలికి ఎగిరిపోయినదానికి కాదు. దానికి బీమా వేఱుగా చేయించుకొనవలెను.

కరెంటు విషయమున సహకారము మనకు క్రొత్త కాదు. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘము సభ్యులకు కరెంటు పంపిణీ చేసినది. మన సంఘము అంత పని చేయనక్కఱలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క వర్తకునితో బేరమాడుటకు బదులు, ఇరువది యిండ్లవారు కలిసి ధరలడిగిన వేఱు ధర చెప్పుదురు. మరమ్మతునకు పిలిచిన ఒక్క యింటికి రానివారు ఇరువది యిండ్లున్న ఊరికి వచ్చెదరు. ధరల పట్టీలలో ఫలకముల, ఇన్వర్టరు, చట్రము, తీగెలు, భూమి కనెక్షను, నెట్ మీటరు రుసుము వేఱువేఱుగా చూపవలెననియు, అయిదేండ్ల మరమ్మతు బాధ్యత వ్రాయవలెననియు మనము కోరుదుము. గుండుగుత్త ధర చెప్పినవారిని పోల్చి చూచుటకు వీలుండదు.

కావున సభ్యులు ఎవరికిని బయానా ఇయ్యకముందు, పండ్రెండు నెలల బిల్లులను, డాబా పొడవు వెడల్పులను, చెట్లు ఏ దిక్కుననున్నవో ఒక కాగితముపై గీసి సంఘ కార్యాలయమున ఇయ్యవలెను. ఒక్కొక్క కిలోవాటుకు వేఱువేఱుగా పై విధమున లెక్క వేసి, ఏది యెన్నేండ్లలో తిరిగి వచ్చునో వ్రాసి ఇచ్చెదము. లెక్కలో పెట్టుట తగదని తేలినవారికి ఆ మాటయే వ్రాసి ఇచ్చెదము.